నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అండమాన్‌కు కాపురం మార్చేవాళ్లకు: సామాను సర్దడం నుంచి మొదటి వానాకాలం దాకా

కావలి, ఆత్మకూరు, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఒకే రకం ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి. అండమాన్‌లో పని దొరికింది, పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చా? నీళ్లుంటాయా? బియ్యం దొరుకుతాయా? బండి తీసుకెళ్లాలా? ఒక్కొక్కరికి ఫోన్లో కొంత చెబితే కొంత మిగిలిపోతోంది. అందుకే అన్నీ వరుసలో పెట్టి రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేనుండే ఇక్కడ, అంటే అండమాన్‌లో, బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, గ్యాసు బండ, సిమెంటు, చాలావరకు మందులు, అన్నీ సముద్రం దాటి రావాలి. వాతావరణం బాగాలేకపోతే ఓడ ఆగుతుంది. ఓడ ఆగితే అంగడి ఖాళీ అవుతుంది, ధర పెరుగుతుంది. అందువల్ల డబ్బు, మందులు, సరుకులు, కాగితాలు ఏవైనా సరే, ఒక ఓడ రాకపోయినా ఇల్లు నడిచేలా ముందే చూసుకోవాలి. కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. జనం ఇంకా పాత పేరే వాడుతున్నారు. టికెట్ల మీద, కాగితాల మీద ఏది కనిపించినా కంగారు పడకండి, రెండూ ఒకే ఊరు.

1. బయల్దేరక ముందే తేల్చుకోండి

"అండమాన్‌లో పని" అంటే సరిపోదు. ఏ దీవిలో, ఏ ఊళ్లో అని అడగండి. పోర్ట్ బ్లెయిర్‌లో పెద్దాసుపత్రి, కాలేజీ, విమానాశ్రయం ఉన్నాయి. ఉత్తరాన ఉన్న దిగ్లీపూర్‌కు రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే వెళ్లాలి. మధ్యలో జారవా అనే ఆదిమజాతి ఉండే అడవి గుండా కాన్వాయ్‌లో, అంటే బండ్లన్నీ ఒకే వరుసగా పోవాలి, బండిని పడవ ఎక్కించి పాయ దాటాలి. లిటిల్ అండమాన్‌కు రోడ్డే లేదు, ఓడో హెలికాప్టరో ఎక్కాలి. నికోబార్ దీవులకైతే భారతీయులమైనా ట్రైబల్ పాస్ ఉండాల్సిందే. చిన్నపిల్లలు, మందులు వాడే పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు మొదటి ఏడాది పోర్ట్ బ్లెయిర్‌లోనో దాని చుట్టుపక్కలో ఉండేలా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

రెండోది జీతం కాగితం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ద్వీప ప్రత్యేక భత్యం ఉంటుంది కాబట్టి వాళ్ల లెక్క వేరు. ప్రైవేటులో, కాంట్రాక్టు పనుల్లో నోటిమాట నమ్మి ఓడ ఎక్కకండి. బస ఎవరిది, భోజనం ఎవరిది, ఏడాదికి ఎన్నిసార్లు ఊరికి టికెట్ ఇస్తారు, మధ్యలో పని ఆపేస్తే తిరుగు ఛార్జీ ఎవరు పెట్టుకుంటారు? ఈ నాలుగూ రాతలో ఉండాలి. మేస్త్రీ మాట మీద గుంపుగా వచ్చిన కూలీలు, పని ఆగిపోయి, తిరుగు టికెట్‌కు డబ్బుల్లేక ఇరుక్కుపోవడం ఇక్కడ కొత్త కాదు. స్థానిక ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

మూడోది, అందరూ ఒకేసారి కదలొద్దు. ఒకరు ముందొచ్చి ఒకటి రెండు నెలలు ఉండి, ఇల్లు, నీళ్లు, బడి చూసుకున్నాక మిగతావాళ్లు రావాలి.

2. ఏ నెలలో రావాలి

మన జిల్లాల్లో ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానే వాన. నెల్లూరులో ఏడాది మొత్తానికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ వర్షం ఇస్తాయి, మొత్తం మూడు వేల మిల్లీమీటర్ల దాకా పడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పొడి కాలం, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది.

ముందొచ్చే మనిషికి జనవరి, ఫిబ్రవరి మంచివి. కుటుంబానికి ఏప్రిల్ బాగుంటుంది, కానీ ఒక చిక్కు ఉంది. ఇక్కడి బడులు సీబీఎస్ఈ, వాటి విద్యాసంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. మన రాష్ట్ర బడుల పరీక్షలు అదే నెలలో జరుగుతాయి. కాబట్టి ముందొచ్చిన మనిషి మార్చిలోనే బడికి వెళ్లి, పిల్లలు ఏ తారీఖున చేరతారో చెప్పి, సీటు మాట్లాడి పెట్టుకోవాలి.

జూన్, జూలైలో చంటిపిల్లలతో ఓడ ప్రయాణం పెట్టుకోకండి.

3. ఊళ్లో సర్దుబాట్లు

ఇక్కడ ఉండి ఊరి పని చక్కబెట్టుకోవడం కష్టం. మీసేవలో ఒక్క సంతకం కోసం విమానం టికెట్ పెట్టుకోవాల్సి వస్తుంది. బయల్దేరేలోపే ఇవి ముగించండి:

- పొలం కౌలుకిస్తే కాలపరిమితి, కౌలు మొత్తం, ఏ నెలలో చెల్లించాలో కాగితం మీద రాయించండి. ఈ-క్రాప్ (పంట నమోదు) ఎవరి పేరున చేయించాలో అప్పుడే తేల్చుకోండి. తర్వాత వచ్చే గొడవల్లో సగం దీని దగ్గరే పుడతాయి.
- పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతాలో పేర్లు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇక్కడికొచ్చాక దిద్దుకోవడం కంటే అక్కడే తేలిక.
- ఊళ్లో మీ తరఫున పని చూసే తమ్ముడికో బావమరిదికో అధికారం ఇవ్వాలంటే, అన్నిటికీ కలిపి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసేయకండి. ఫలానా పని వరకే అని స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి.
- గ్యాస్ కనెక్షన్ వదిలేస్తే బండ, రెగ్యులేటరు అప్పజెప్పి ఏజెన్సీలో టర్మినేషన్ వోచరు తీసుకోండి. కొత్త ఊళ్లో కనెక్షన్‌కు అదే ఆధారం.
- ఓటు మార్చుకోవాలంటే ఫారం 8. స్థిరపడతామని తేలాకే చేయండి.
- పిల్లల టీసీలు, మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ, జనన ధ్రువీకరణ, టీకాల పుస్తకం అసలు కాగితాలే తెచ్చుకోండి. డిజీలాకర్‌లోనూ పెట్టుకోండి.
- టీసీ మీద విద్యాశాఖ అధికారి సంతకం, ముద్ర వేయించండి. బోర్డు మారుతున్నప్పుడు ఇది అడుగుతారు.

అమ్మానాన్నలు ఊళ్లోనే ఉండిపోతుంటే ఇంకొక ఏర్పాటు తప్పనిసరి. దగ్గర్లో ఉన్న ఒక మనిషికి వాళ్ల రిపోర్టులు, డాక్టరు నంబరు, ఆరోగ్య బీమా కార్డు నకలు ఇచ్చి ఉంచండి. రాత్రి ఫోన్ వస్తే తెల్లారేసరికి నెల్లూరులో దిగడం కుదరదు. అప్పటికప్పుడు విమానం ఎక్కడానికి ఇంట్లో అందరి ఛార్జీలకు సరిపడా డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంచండి, దాన్ని ఇంకో ఖర్చుకు ముట్టుకోకండి.

4. ఏం తెచ్చుకోవాలి, ఏం వదిలేయాలి

ఇక్కడి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. నెల్లూరులో పదేళ్లు నిలిచిన వస్తువు ఇక్కడ రెండు వానాకాలాలకే పాడవ్వొచ్చు. ప్లైవుడ్ బీరువా పొంగుతుంది, పీచు పరుపు బూజు పడుతుంది, మామూలు ఇనుప మంచం తుప్పు పడుతుంది. ఇవి తేవద్దు.

పట్టుచీరలు ఒకటో రెండో చాలు, జరీ నల్లబడుతుంది. తోలు బెల్టు, తోలు చెప్పులు వానాకాలంలో వారం రోజులు వాడకపోతే తెల్లటి బూజు కమ్మేస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులే ఇక్కడ రోజువారీ.

తేవాల్సినవి: స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు, గట్టిగా మూత పడే డబ్బాలు, ప్రెషర్ కుక్కరుకు రెండు మూడు అదనపు గాస్కెట్లు, మిక్సీ, ఫ్రిజ్‌కు స్టెబిలైజరు, దోమతెరలు, పలుచటి నూలు బట్టలు, ఒక్కొక్కరికి మంచి గొడుగు, రెయిన్‌కోటు, నీళ్లు పట్టుకోవడానికి మూతలున్న డ్రమ్ములు. మిక్సీ బుష్, కుక్కర్ వాల్వు లాంటి చిన్న విడిభాగాలు ఇక్కడ మీ మోడల్‌కు దొరక్కపోతే వచ్చే ఓడ దాకా పని ఆగిపోతుంది.

బండి సంగతి చాలామంది అడుగుతున్నారు. ఏపీ 26 గానీ, ఏపీ 27 గానీ, కొత్త ఏపీ 39 గానీ, బండిని వేరే చోట 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరుకు మార్చుకోవాలని చట్టం. దానికి ముందు మన ఆర్టీఏ ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ బ్యాంకు ఒప్పుకోవాలి. దీని మీద ఓడ కిరాయి. పాత స్కూటర్ అయితే అక్కడే అమ్మేసి, ఇక్కడ ఏఎన్ 01 నంబరు బండి కొనుక్కోవడమే మేలు.

పెద్ద సామాను చెన్నై నుంచి కంటైనరులో వస్తుంది. వారాలు పడుతుంది. అది చేరేదాకా గడపడానికి కావాల్సినవి చేతి సామానులోనే ఉండాలి.

5. ఓడా, విమానమా

చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు. ఓడ సుమారు మూడు రోజులు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. మన జిల్లాల వాళ్లకు చెన్నైయే దగ్గర, నెల్లూరు నుంచి రైల్లో 175 కిలోమీటర్లకు అటూఇటూ.

కుటుంబం విమానంలో, సామానుతో ఒకరు ఓడలో రావడం చాలామందికి సరిపోయే పద్ధతి. విమానం ఎక్కేవాళ్లు సెంట్రల్‌లో దిగి మెట్రోలో నేరుగా విమానాశ్రయానికి చేరొచ్చు. ఎంత బరువు అనుమతిస్తారో టికెట్ మీద చూసుకుని సర్దండి. పచ్చళ్లు చెకిన్ బ్యాగులో, రెండు కవర్లు వేసి, మూతకు టేపు చుట్టి పెట్టండి. ఎండుకొబ్బరి మాత్రం చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. కొబ్బరి వేసి చేసిన పప్పుల పొడి డబ్బాలున్నా ముందే అడిగి తెలుసుకోండి.

ఓడలో వచ్చేవాళ్లకు:

- ఓడల తేదీలు నెలల ముందు ఖాయం కావు, మారుతుంటాయి కూడా. బయల్దేరే రోజే చెన్నైలో దిగేలా రైలు టికెట్ పెట్టుకోకండి. ఒక రోజు ముందే చేరండి.
- బంక్ క్లాసు చౌక, కానీ పెద్ద హాల్లో అందరూ కలిసి ఉంటారు. ఆడవాళ్లు, పిల్లలు ఉంటే క్యాబిన్ తీసుకోండి.
- వాంతుల మాత్ర డాక్టరును అడిగి తెచ్చుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ఓడ కదలక ముందే వేసుకోవాలి.
- ఓడలో భోజనం దొరుకుతుంది, మన కారం ఉండదు. మొదటి రోజుకు పులిహోర, తర్వాతికి కారప్పొడి, నిమ్మకాయ ఊరగాయ, అటుకులు పెట్టుకోండి.
- ఒడ్డు దాటిన కొన్ని గంటలకే సిగ్నల్ పోతుంది. "మూడు రోజులు ఫోన్ కలవదు" అని ఇంట్లో ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు టెన్షన్ పడతారు.

ఓడ పోర్ట్ బ్లెయిర్‌లో హడ్డో రేవులో ఆగుతుంది. సామాను మీద పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టండి. దిగేటప్పుడు వాన పడుతుంటే కాగితం చీటీలు నిలవవు.

6. అద్దె ఇల్లు: ముందు నీళ్లు చూడండి

ఇంత వాన పడే చోట నీటి కొరత ఏమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ఇవి కొండల దీవులు, పెద్ద నదుల్లేవు, పడ్డ నీరు పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధానంగా ధనికారి రిజర్వాయరు నీళ్లే ఆధారం. మార్చి నుంచి మేలో వానలు మొదలయ్యేదాకా కుళాయి రోజూ రాదు. ఒక్కోచోట మూడు నాలుగు రోజులకోసారి వస్తుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు, వంటిల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి. పైకెక్కి ట్యాంకు మూత తీయించండి. లోపలి గోడ మీద నీటి గీత ఎక్కడుందో చూడండి. పాచి గీత అడుగునే ఉంటే ట్యాంకు సగం కూడా నిండడం లేదని అర్థం. తర్వాత పక్కింటి వాళ్లని అడగండి, ఇంటి ఓనర్ని కాదు.

అడగాల్సినవి ఇవి:

- ఏప్రిల్‌లో ఎన్ని రోజులకోసారి నీళ్లు వస్తాయి? ఎంతసేపు?
- బావి గానీ, రేకుల కప్పు మీద వాన నీరు పట్టే గొట్టం గానీ ఉందా?
- ట్యాంకు మీకు విడిగానా, అన్ని వాటాలకూ కలిపా?
- కరెంటు మీటరు విడిగా ఉందా?
- వెనక కొండ గోడ కట్టి ఉందా, వట్టి మట్టేనా? మట్టయితే వానలకు జారుతుంది.
- మెట్లు ఎన్ని? ఊరంతా ఎత్తుపల్లాలే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

అబర్డీన్ బజారు, గోల్‌ఘర్, డెలానీపూర్ ఊరి నడుమ ఉన్నాయి, అద్దె ఎక్కువ. గారాచర్మా, ప్రోత్రాపూర్, డాలీగంజ్ వైపు కొంచెం వెసులుబాటు. జంగ్లీఘాట్‌లో చేపల రేవు ఉంది, తెలుగు మాట బాగా వినిపిస్తుంది. బాంబూఫ్లాట్‌లో అద్దె తక్కువే కానీ రోజూ చాథం దగ్గర పడవ దాటాలి, పనివేళలు పడవకు కుదురుతాయో లేదో చూసుకోండి.

7. మొదటి నెల

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి తరాలుగా ఉంటున్నవాళ్లు. వాళ్ల యాస వేరు, మనది వేరు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. తెలుగు సంఘం, గుడి, బడి దగ్గర పరిచయం చేసుకోండి. ఇల్లు, పనిమనిషి, నమ్మకమైన ఎలక్ట్రీషియన్, అన్నీ ఆ పరిచయాల మీదే దొరుకుతాయి.

బజార్లో, ఆస్పత్రిలో, ఆఫీసులో అందరి మధ్యా నడిచేది హిందీ. ఇంట్లో ఉండే ఆడవాళ్లు కూడా బేరానికి, బస్సుకు, డాక్టరు దగ్గర చెప్పుకోవడానికి సరిపడా హిందీని ఇక్కడికి రాకముందే నేర్చుకోవడం మొదలుపెట్టాలి. భర్త పనికి వెళ్లాక రోజంతా మాట్లాడే మనిషి లేక బెంగపెట్టుకునేది ఎక్కువగా వాళ్లే. ఈ విషయాన్ని మగవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు.

వెలుగు వేళలూ మారతాయి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం నెల్లూరు కంటే సుమారు 50 నిమిషాలు ముందుంటాడు. మే నెలలో ఐదింటికే తెల్లారుతుంది, నవంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దుగూకుతుంది. నిద్ర, వంట, పిల్లల ఆటలు అన్నీ ఒక గంట ముందుకు జరపండి. అలవాటు కావడానికి పది పదిహేను రోజులు పడుతుంది.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ బాగుపడింది. వీడియో కాల్‌కు ఇబ్బంది ఉండదు. దూరపు దీవులకు వెళ్లేటప్పుడు మాత్రం చేతిలో కొంత నగదు ఉంచుకోండి, ఏటీఎంలు తక్కువ.

ఐలాండర్ కార్డు (దీవుల స్థిరనివాసులకు ఇచ్చే గుర్తింపు కార్డు), దాంతో వచ్చే ఓడ ఛార్జీల రాయితీ కొత్తగా వచ్చినవాళ్లకు వెంటనే రావు. ఆ రాయితీని లెక్కలో వేసుకుని బడ్జెట్ వేయకండి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, పిల్లల బడి రసీదులు మొదటి నెల నుంచీ ఒక ఫైల్లో దాచండి. ముందు ముందు ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నారో చూపించాల్సి వచ్చినప్పుడు పనికొస్తాయి.

8. వంటిల్లు

కూరగాయలు చాలావరకు ఓడ మీద వస్తాయి కాబట్టి ధర మన రైతుబజారు ధర కాదు. షహీద్ ద్వీప్‌లో, అంటే పాత నీల్ దీవిలో, ఉత్తర అండమాన్‌లో పండేవి కొంత చౌక. పెరట్లో రెండు గజాల జాగా ఉన్నా బచ్చలి, తోటకూర, పచ్చిమిర్చి, కరివేపాకు వేసుకోండి. బచ్చలి ఇక్కడ బాగా అల్లుకుంటుంది.

చేపలకు కొదవలేదు. వంజరం, సూర జంగ్లీఘాట్‌లో పొద్దున్నే తాజాగా దొరుకుతాయి. బొమ్మిడాయిలు, కొరమీను మాత్రం మన చెరువుల్లో దొరికినట్టు దొరకవు. నెల్లూరు పులుసుకు వంజరం ముక్కలు బాగానే కుదురుతాయి, ముక్క గట్టిగా ఉంటుంది కాబట్టి పులుసు బాగా మరిగాకే వేసి, ఎక్కువసేపు ఉడకనివ్వకండి.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సిన నిల్వ, మనుషుల్ని బట్టి మూడు వారాలకు సరిపడా: బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, ఉప్పు, ఉల్లిపాయలు, పాలపొడి, రెండో గ్యాసు బండ, కొవ్వొత్తులు, చార్జింగ్ లైటు. అంగట్లో ఉల్లిపాయల బస్తాలు తగ్గుతున్నాయంటే ఓడ ఆలస్యమని అర్థం, ఆ రోజే కొనుక్కోండి. అలాగని నెలల తరబడి నిల్వ పెట్టొద్దు, పురుగు పడుతుంది.

ఊరి నుంచి తెచ్చుకునే సరుకుకు కొంచెం పని ఉంది. ఒంగోలు వైపు ఎండుమిర్చి, చింతపండు, కందిపప్పు, వడియాలు మే ఎండలో రెండు మూడు రోజులు గలగలలాడేలా ఎండబెట్టండి. నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, అదే రోజు గాలి దూరని డబ్బాల్లో నింపండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి మొత్తం పాడవుతుంది. కారం ఒకేసారి ఐదు కిలోలు పట్టించి తేకండి. మిరపకాయలు తెచ్చుకుని నెలకు సరిపడా ఇక్కడే పట్టుకోండి. చింతపండు గింజ, పీచు తీసి, ఉప్పు కలిపి ముద్ద చేసి పెడితే వానాకాలం దాటుతుంది. ఆవకాయలో నూనె ముక్క మీద రెండు వేళ్ల మందం తేలాలి, తడి గరిటె తగలకూడదు. ఉప్పు డబ్బాలో నీరు కారుతుంటే అడుగున గుప్పెడు బియ్యం గుడ్డలో కట్టి పెట్టండి.

9. మొదటి వానాకాలం

మేలో మొదటి వాన పడక ముందే చేయాల్సినవి:

- కప్పు రేకుల మేకులు, గొట్టాలు, కాలువ చూపించుకోండి.
- బీరువాలను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి.
- సర్టిఫికెట్లు, పొలం కాగితాలు జిప్ కవర్లలో పెట్టి, చెమ్మ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేయండి. అసలు సర్టిఫికెట్లను లామినేట్ చేయించకండి.
- బట్టలు ఆరేయడానికి ఇంట్లోనే ఫ్యాను కింద తాడు కట్టండి. మందపాటి జీన్స్ మూడు రోజులైనా ఆరవు.
- వాడని ఎలక్ట్రిక్ వస్తువులను వారానికోసారి పది నిమిషాలు నడపండి.

ఎండ వచ్చిన రోజు మిగతా పనులు ఆపి, పరుపులు, దిండ్లు, పుస్తకాలు బయట వేయాలి. ఆ ఎండ మధ్యాహ్నానికి ఉంటుందో లేదో తెలియదు.

10. ఆరోగ్యం

రోజూ మందులు వాడేవాళ్లు కనీసం రెండు నెలల మందులు వెంట తెచ్చుకోండి. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, ఆ కంపెనీది దొరక్కపోయినా వేరేది ఇస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆస్పత్రి ఇక్కడికి పెద్దాసుపత్రి. క్లిష్టమైన కేసులను చెన్నైకో కోల్‌కతాకో పంపుతారు. అందుకే చెన్నైలో కూడా చెల్లే ఆరోగ్య బీమా తీసుకోండి.

కాన్పు దగ్గరపడిన ఆడవాళ్లను ఊరికి పంపాలనుకుంటే ఏ నెల వరకు విమానం ఎక్కనిస్తారో ముందే కనుక్కోండి.

జ్వరం వస్తే రెండు రోజులు చూద్దామని ఆగొద్దు. మలేరియా, డెంగీకి తోడు ఇక్కడ లెప్టోస్పైరోసిస్ కూడా ఉంది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి కాళ్ల మీది చిన్న గాయం ద్వారా ఒంట్లోకి వస్తుంది. వానాకాలంలో బురదలో, పొలంలో పనిచేసేవాళ్లు బూట్లు వేసుకోవాలి, గాయానికి కట్టు కట్టాలి. డాక్టరుకు "నీళ్లలో, బురదలో తిరిగాను" అని మీరే చెప్పండి, పరీక్ష త్వరగా చేస్తారు.

జెర్రులు పెద్దవి. బూట్లు, పక్కబట్టలు దులిపి వాడే అలవాటు పిల్లలకు మొదటి రోజు నుంచే నేర్పండి. సాయంత్రం ఇసుక మీద కూర్చుంటే ఇసుక ఈగలు కుడతాయి. గోకితే పుండ్లు పడతాయి.

11. పిల్లల చదువు

తొమ్మిదో తరగతి లోపు పిల్లలను మార్చడం తేలిక. పదో తరగతి, పన్నెండో తరగతి మధ్యలో మార్చకండి. సీబీఎస్ఈలో బోర్డు పరీక్షల నమోదు తొమ్మిది, పదకొండు తరగతుల్లోనే జరుగుతుంది, నేరుగా పది, పన్నెండుల్లో చేరడానికి తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం చూపించాలి. పదిలో ఉన్న పిల్లవాడు పరీక్షలయ్యేదాకా అమ్మమ్మ దగ్గర ఉండి రాయడమే మంచిది.

హిందీ రాని పిల్లలకు మొదటి ఆరు నెలలు కష్టం. వచ్చే ముందు వేసవిలోనే అక్షరాలు, చదవడం నేర్పించండి. తెలుగు మాత్రం ఇంట్లో వదలకండి. రోజుకు ఒక పేజీ చదివించి, నాన్నమ్మకు ఉత్తరం రాయించినా చాలు.

12. తెలియక చేసినా తప్పే అయ్యేవి

జారవా అడవి దారిలో బండి ఆపడం, ఫొటోలు తీయడం, బిస్కెట్లు ఇవ్వడం నేరం. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ చట్టం కింద జైలుశిక్ష ఉంటుంది. వాళ్లకు మన జలుబు కూడా ప్రమాదమే, దూరంగా ఉండటమే వాళ్లకు మనం చేసే మేలు. బయటివాళ్లను రానివ్వని ఆదిమజాతి ఉండే ఉత్తర సెంటినెల్ దీవి దరిదాపులకు ఏ పడవవాడు తీసుకెళ్తానన్నా ఒప్పుకోకండి.

ఒడ్డున దొరికే పగడపు ముక్కలు, గవ్వలు ఏరి సంచిలో వేసుకోకండి. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో పట్టుకుంటారు. నౌకాదళం స్థలాల ఫొటోలూ వద్దు.

స్థలం కొనే ఆలోచన మొదటి రెండు మూడేళ్లు పక్కన పెట్టండి. అటవీ భూమి, ఆక్రమించిన ప్రభుత్వ భూమి, అనుమతి లేకుండా చేతులు మార్చకూడని భూమి, ఇవన్నీ తెల్లకాగితం మీద అమ్మకానికి వస్తుంటాయి. తహసీల్దారు ఆఫీసులో రికార్డు చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

13. సముద్రం, మొసళ్లు, భూకంపం

మైపాడు, కొత్తపట్నం ఒడ్డున పెరిగినవాళ్లకు అలలంటే భయం ఉండదు. ఇక్కడ అలలు చిన్నగానే కనిపిస్తాయి, ప్రమాదం వేరు. మడ అడవుల దగ్గర, పాయలు సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట మోకాళ్ల లోతు కూడా దిగొద్దు. పొద్దుగూకాక అసలు వద్దు. చేపలు కడిగిన నీళ్లు, వ్యర్థాలు పాయలో పారబోయకండి, మొసళ్లు ఆ చోటికి అలవాటు పడతాయి.

2004 డిసెంబరు 26న భూకంపం తర్వాత కొద్ది నిమిషాల్లోనే నికోబార్ దీవుల మీదికి నీళ్లొచ్చాయి, మన కోస్తాకు చేరడానికి గంటలు పట్టింది. ఆ తేడా గుర్తుంచుకోండి. నిలబడలేనంతగా ఊగినా, చాలాసేపు ఊగినా, సైరన్ కోసం చూడకండి. ఊగడం ఆగగానే కొండ వైపు నడవండి. ఇంటి నుంచి, బడి నుంచి ఎత్తుకు వెళ్లే దారి పిల్లలతో ఒకసారి నడిచి చూపించండి. అత్యవసరానికి 112, సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ 1554. ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

14. తరచూ చూసే పొరపాట్లు, దిద్దుకునే దారి

*వచ్చిన నెలకే వెనక్కి వెళ్లిపోదామనిపించడం.* ఎక్కువగా జూన్, జూలైలో, వానలో ఇంట్లో ఇరుక్కున్నప్పుడు జరుగుతుంది. నిర్ణయం జనవరి దాకా వాయిదా వేయండి. పొడి కాలంలో కూడా అలాగే అనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

*ఊళ్లో ఇల్లు అమ్మేసి రావడం.* ఏడాది గడిచేదాకా అద్దెకివ్వండి, అమ్మకండి.

*సంక్రాంతికి టికెట్లు డిసెంబరులో వెతకడం.* పండక్కి వెళ్లాలంటే సెప్టెంబరు, అక్టోబరులోనే తీసుకోండి. తిరుగు ప్రయాణానికి, చేరాల్సిన రోజుకు మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచండి.

*దీవుల మధ్య పడవ దిగిన రోజే విమానం పెట్టుకోవడం.* సముద్రం బాగాలేకపోతే పడవ రద్దవుతుంది, విమానం డబ్బు పోతుంది. ముందు రోజే పోర్ట్ బ్లెయిర్ చేరండి.

15. మొదటిసారి ఊరికి వెళ్లినప్పుడు

ఆ పది రోజులు చుట్టాలతోనే అయిపోతాయి. అందుకే బయల్దేరే ముందే చీటీ రాసుకోండి: కౌలు డబ్బు లెక్క, బ్యాంకులో కేవైసీ, అమ్మానాన్నల పరీక్షలు, పిల్లల పళ్లు, కళ్లు చూపించడం, కుక్కరు, మిక్సీ విడిభాగాలు, ఏడాదికి మిరపకాయలు, చింతపండు. మే నెలలో వెళ్తే ఎండబెట్టే పని మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టించండి. సరుకు బరువైతే ఇద్దరు ముగ్గురు కలిసి చెన్నై నుంచి ఓడలో వేయించుకోండి, కిరాయి పంచుకోవచ్చు. డబ్బాల మీద ఎవరివి ఎవరివో రాసి, ఆ జాబితా ఫొటో ఇక్కడ దింపుకునే మనిషికి వాట్సాప్‌లో పంపండి.